ఎద్దు నాడి, కుక్క నాడి, నా నాడి

కర్నూలులో సర్కారు డాక్టరుగారు నా మణికట్టు పట్టుకొని జేబు గడియారం చూస్తున్నంతసేపూ నేను ఆయన పెదవులు చూశాను. ఆయన లోలోపల లెక్కపెడుతున్నారు. పెదవులు ఒక వరసలో కదులుతూ ఉన్నట్టుండి ఆగాయి. మళ్ళీ కదిలాయి. మళ్ళీ ఆగాయి. ఆయన గడియారం మూత వేసి, స్టెతస్కోపు నా ఛాతీ మీద పెట్టి కాసేపు విన్నారు.

"ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డావా?"

"లేదండి."

"నడిస్తే ఆయాసం వస్తుందా?"

"రాదండి. రోజూ ఎనిమిది మైళ్ళు నడుస్తాను."

"ఒక్కో దెబ్బ ఆలస్యంగా పడుతోంది. మూడు నెలలాగి మళ్ళీ రా. అప్పుడు చూసి రాస్తాను."

బయట వరండాలో ముప్పై మందికి పైగా కూర్చొని ఉన్నారు. ఆయన తర్వాతి మనిషిని పిలిచారు.

నేను మద్రాసులో ఓవర్సీరు చదువు ముగించి, కర్నూలు-కడప కాలువ మీద ఒక సెక్షనులో తాత్కాలికంగా చేరి అప్పటికి పది నెలలైంది. ఉద్యోగం ఖాయం కావడానికి నాలుగు కాగితాలు కావాలి. చదువుకు ఒకటి, వయసుకు ఒకటి, నడవడికకు ఒకటి, ఒంటికి ఒకటి. మొదటి మూడూ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. నాలుగోది గడువులోగా రాకపోతే నా స్థానంలో ఇంకొకరు వస్తారని ఆఫీసు గుమాస్తా ముందే చెప్పాడు. నాకు వేరే పని రాదు. వచ్చినా చేయాలని లేదు. నీళ్ళు ఎటు పారతాయో అవి పారకముందే అంకెల్లో తెలుసుకోవడం కంటే సంతోషకరమైన పని నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఇప్పుడు తలచుకుంటే ఒక విషయం స్పష్టంగా ఉంది. డాక్టరుగారు గుండెజబ్బు అనలేదు. విశ్రాంతి తీసుకొమ్మనీ అనలేదు. ఆ రెండూ నేను తిరుగు దారిలో బండి మీద కూర్చొని చేర్చుకున్నవి.

మరునాడు ఒక కొత్త నోటు పుస్తకం తీసి, కాలువ ఎత్తుపల్లాలు రాసుకునే మా లెవెల్ పుస్తకంలో లాగానే గీతలు గీశాను. తేదీ, వేళ, నిమిషానికి నాడి, అందులో ఆలస్యపు దెబ్బలు, తిన్నవి, చివర రిమార్కులు. రోజుకు ఆరుసార్లు లెక్క. నా లెక్కలోనూ డాక్టరుగారు చెప్పిన ఆలస్యపు దెబ్బ ప్రతిసారీ కనిపించింది. రిమార్కుల గడి మొదటి వారంలోనే చాలలేదు. ఎడమ భుజం కింద చీమ పాకినట్టు ఉంది. రెండు తేన్పులు, రెండోది పుల్లగా ఉంది. కుడి పిక్క పట్టేసింది, ఎడమది పట్టలేదు, ఎందుకు? ఎక్కిళ్ళు, పదకొండు. కనురెప్ప అదురుతోంది, ఇది గుండెకు సంబంధించిందా, కాదా?

నడక మానేశాను. గట్టు మీద తనిఖీకి బండి కట్టించుకున్నాను. మెట్లు ఎక్కాల్సిన తూముల దగ్గరికి లస్కరును పంపి, నేను బండిలోనే కూర్చొని అతను అరిచిన అంకెలు రాసుకునేవాణ్ణి. ఈ లస్కరు కాలువ మీద ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి. లెవెల్ తీసేటప్పుడు నాకు ఎదురుగా దూరాన అంకెల కర్ర పట్టుకొని నిలబడేది అతనే. ఆదివారం చర్చికి పోయే రోజు తప్ప అతని వెంట ఒక బక్క కుక్క ఎప్పుడూ ఉండేది.

నేను అద్దెకున్న ఇంటి ముసలామెను ఊరంతా జేజి అనే పిలిచేది. ఆమె నన్ను వారం రోజులు గమనించి ఊరుకోలేకపోయింది.

"ఏం నాయనా, పొద్దు పొడిచినప్పట్నుంచి చెయ్యి పట్టుకోని కూర్చుంటాండావు. అది యాడికన్నా పారిపోతాదా?"

"లెక్క చూస్తున్నాను జేజీ."

"నిన్న సగం సంగటి వదిలేస్తివి. ఆ లెక్క కూడా రాసుకో."

అదీ రాసుకున్నాను. పదిహేనో రోజుకల్లా ఇంటి ముందున్న నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చింది. డాక్టరుగారు అడిగినప్పుడు లేదని చెప్పిన ఆయాసం అది. జబ్బు ముదురుతోందనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను.

మూడో వారంలో మా బండి ఎద్దుకు లాడం ఊడింది. లస్కరు బండిని లాడాల సాయిబు కొట్టానికి తోలాడు. సాయిబుకు అరవై ఏళ్ళుంటాయి. చుట్టుపక్కల పది ఊళ్ళ ఎద్దులకు లాడాలు కొడతాడు. సొంతానికి ఒక జత పెంచి, తిరుణాళ్ళలో బండలాగుడు పందేలకు తోలుకొని పోతాడు. నేను చూస్తుండగానే ఆయన ఎద్దు కాళ్ళకు తాడు చుట్టి దాన్ని మెత్తగా పక్కకు పడుకోబెట్టాడు. గిట్ట ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళి, తోక మొదట్లో అడుగుభాగాన రెండు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ఏం చూస్తున్నారు?" అన్నాను.

"నాడప్పా. కింద పడేస్తే కొన్ని బెదురుతాయి. గుండె దడదడ కొట్టుకుంటాంటే కాసేపు ఆగల్ల. యాల, మనిషికి చేతిలో ఉంటే ఎద్దుకు తోకలో ఉండకూడదా?"

లస్కరు నవ్వాడు. "మా సారుకు కూడా దినమంతా అదే పని మామా. కాకపోతే ఆయనకు తోక లేదు."

నాకు కోపం రావలసింది. దాని బదులు, ఎద్దు నాడి నేనూ చూడవచ్చా అని అడిగాను. సాయిబు నా వేళ్ళు పట్టుకొని సరైన చోట ఆనించాడు. వెచ్చగా, బలంగా, తొందర లేకుండా ఒకటి తర్వాత ఒకటి తగిలాయి. గడియారం తీసి నిమిషం లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకంలో నాది కాని మొదటి అంకె అదే. ఎందుకో ఆ ఒక్క వరస చూసుకుంటే ఊరటగా అనిపించింది.

సాయిబు లాడం కొడుతూ ఒక్కొక్కటే అడిగాడు.

"నడుస్తాండావా ఓవర్సీరప్పా?"

"లేదు. విశ్రాంతి తీసుకుంటున్నాను."

"ఎన్నాళ్ళాయ?"

"ఇరవై రోజులు."

"డాక్టరు చెప్పినాడా?"

"చెప్పలేదు."

"మరి ఎవరు చెప్పినారు?"

ఆయన చివరి మేకు కొట్టి లేచి, కొట్టంలో కట్టేసి ఉన్న తన జతను చూపించాడు. తెల్లటి ఎద్దులు, మూపురాలు నిగనిగలాడుతున్నాయి.

"ఇవి తిరుణాళకు బండ లాగల్ల. ఇరవై దినాలు ఈడనే కట్టేసి ఉలవలు పెట్టినాననుకో, బండ సంగతి దేవుడెరుగు, పలుపు కూడా లాగవు. రేపట్నుంచి నా ఎద్దుల ఎనక రా. చస్తే నాదీ పూచీ."

"చచ్చాక మీ పూచీ నేనేం చేసుకోను?"

"ఏమీ చేసుకోవులే. చచ్చింటావు కదా."

వెళ్ళాను. ఊరికి ఉత్తరాన ఒక ఎండిన వంక ఉంది. సాయిబు అందులో ఇసుక మీద ఎద్దుల చేత చిన్న బండ లాగించేవాడు. కొంత దూరం లాగించి ఆపేవాడు. ఆపి, ముందుకు వచ్చి వాటి డొక్కల వంక చూసేవాడు. డొక్కలు గబగబా ఎగసిపడుతూ నెమ్మదిగా మామూలయ్యేదాకా ఆయన కదిలేవాడు కాదు. మామూలు కాగానే మళ్ళీ తోలేవాడు. నాలుగైదు రోజులకు ఒకసారి బండ బరువు పెంచేవాడు.

"ఊపిరి ఎంత ఎత్తుకు పోయింది అని కాదప్పా చూడాల్సింది. లాగితే పోతాది. ఎంత బిరీన దిగింది అని చూడల్ల. బిరీన దిగితే ఎద్దు బాగుండాది. ఇంతే నా ఇద్దె."

నాకు ఈ మాట బాగా నచ్చింది. ఎంత త్వరగా దిగింది అన్నది కొలవడానికి వీలైన మాట. ఎద్దుకు బండ ఎంతో నాకు దూరం అంత అనుకున్నాను. కాలువ గట్టు మీద మైలుకు ఎనిమిది చొప్పున ఫర్లాంగుకొక రాయి పాతి ఉంటుంది. మొదటి రోజు రెండు రాళ్ళు నడిచి, ఆగి, నాడి మామూలుకు దిగేదాకా నిలబడ్డాను. తొమ్మిది నిమిషాలు పట్టింది. నాలుగో రోజు మూడు రాళ్ళు, ఎనిమిది నిమిషాలు. నెల తిరిగేసరికి రెండు మైళ్ళు చురుగ్గా నడిచి ఆగితే నాలుగు నిమిషాల్లో దిగుతోంది. ఎర్ర సిరా సీసా మూత తీయడం మానేశాను. జేజి రెండో సంగటి ముద్ద అడగకుండానే పెడుతోంది.

ఆ నెలంతా సాయిబును నేను అడగని ప్రశ్న లేదు. ఎద్దు మేత మింగేసి తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది, మనం కూడా భోజనమయ్యాక కాసేపు కూర్చోవడం మంచిదేనా? మంచిదే, పడుకోవద్దన్నాడు. నడిచి వచ్చి వెంటనే నీళ్ళు తాగవచ్చా? ఎద్దు డొక్క ఆడుతుండగా తొట్టి దగ్గరికి పోనివ్వనన్నాడు. నేను రెండు రకాలుగానూ తాగి చూశాను, గుక్కెడు గుక్కెడుగా తాగితే తేడా కనిపించలేదు. పిక్క పట్టేస్తే వేళ్ళను పైకి లాగి పట్టుకొమ్మన్నాడు, అది నిజమైంది. కుక్క నాలుక ఎందుకు వేలాడేస్తుందని అడిగితే దానికి ఒంట్లో చెమట పట్టదన్నాడు. లస్కరు ఒప్పుకోలేదు, దాని కార్జం వేడి అన్నాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం అతని కుక్క ఎండలో నుంచి వచ్చి మా ఆఫీసు నాపరాళ్ళ మీద నడిస్తే చిన్న చిన్న తడి ముద్రలు పడ్డాయి. వాన లేదు, కాలువలో దిగలేదు. అంటే పాదాల్లో చెమట పడుతుందన్నమాట. ఇద్దరినీ పిలిచి చూపించాను.

"పాదం తప్ప అన్నాను కదా," అన్నాడు సాయిబు.

"అనలేదు మామా," అన్నాడు లస్కరు.

ఇంత జరిగినా ఒక గడి మాత్రం మారలేదు. ఆలస్యపు దెబ్బల గడి. నడక పెరిగింది, ఆయాసం పోయింది, ఆకలి వచ్చింది. తీరిగ్గా కూర్చొని నాడి పట్టుకుంటే మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే, నాలుగు దెబ్బలు సరిగా పడి ఆ తర్వాతది దూరంగా జరిగి పడుతోంది. ఇంకా చెప్పాలంటే అంతకుముందు కంటే దూరంగా జరుగుతోంది. సాయిబు ఇద్దె ప్రకారం నేను బాగున్నాను. డాక్టరుగారి గడియారం ప్రకారం బాగాలేను. రాసేది డాక్టరుగారు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఉద్యోగం పోయేలా ఉందని ఇంటికి ఒక ఉత్తరం మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గర ఆపేసి పుస్తకంలో దాచుకున్నాను.

ఆ రోజు ఉదయమంతా లెవెల్ తీసి, మధ్యాహ్నం తూము గది నీడలో కూర్చున్నాం. లస్కరు జొన్నరొట్టె తిని తుండు పరుచుకొని నడుం వాల్చాడు. కుక్క నా తొడకు ఆనుకొని నిద్రపోయింది. చేతికి పని లేక దాని పక్కటెముకల మీద పెట్టాను. రెండున్నర నెలల అలవాటు, వేళ్ళు వాటంతట అవే లెక్క మొదలుపెట్టాయి.

టకటకటక. టక్. టక్. టకటకటక. టక్.

నేను చెయ్యి తీసి, మళ్ళీ పెట్టాను. అదే వరస. నా దానికంటే అధ్వాన్నం.

"నీ కుక్కకు గుండెజబ్బు ఉంది," అన్నాను.

లస్కరు కళ్ళు తెరవలేదు. "దానికా సారూ? పొద్దున కుందేలును తుమ్మ చెట్ల దాకా తరుముకోని పోయింది. దానికి జబ్బుంటే ఆ కుందేలుకు చెప్పండి, సంతోషపడతాది."

ఆ మాటతో నాకు నిద్రమత్తు వదిలిపోయింది. కుందేలును తరిమే కుక్క గుండె ఇలా కొట్టుకోవడానికి వీల్లేదు. కొట్టుకుంటోంది. కాబట్టి ఇలా కొట్టుకోవడం జబ్బు కాకపోవచ్చు. కర్ర ముక్క విసిరి దాన్ని పది సార్లు పరుగెత్తించి, పట్టుకొని చూశాను. వేగంగా, గడియారంలా సమంగా ఉంది. నీడలో పడుకున్నాక మళ్ళీ ఎగుడుదిగుడు. ఈసారి దాని పొట్ట కూడా చూస్తూ లెక్కపెట్టాను. పొట్ట పొంగినప్పుడు టకటకటక. దిగినప్పుడు టక్. టక్. గుండె తప్పులు చేయడం లేదు. ఊపిరి వెంట నడుస్తోంది.

గబగబా నా మణికట్టు పట్టుకొని గడియారం తీశాను. ఇప్పుడు లస్కరు లేచి కూర్చున్నాడు.

"సారూ, లెవెల్ అద్దంలో చూసేటప్పుడు మాదిరి ఊపిరి బిగబడతాండారు, యాల?"

నేను బిగబట్టానని నాకు తెలియదు. కానీ అతను చెప్పిన క్షణాన ఛాతీ నిండా గాలి ఉంది.

ఇది మా పని నేర్పిన అలవాటు. లెవెల్ అద్దంలో దూరాన ఉన్న కర్ర మీది అంకె చదివేటప్పుడు ఒంట్లో ఏ కదలికా ఉండకూడదని మా మేస్టరు మొదటి రోజే చెప్పారు. నిండుగా గాలి పీల్చి, బిగబట్టి, చదువుతూ మెల్లగా వదలాలి. రోజుకు వంద రీడింగులు అలా తీసినవాడికి, అంకె చూడాలంటే చాలు, ఊపిరి దానంతట అదే ఆగుతుంది. గడియారం ముల్లూ అంకెల మీదే తిరుగుతుంది కదా. రెండున్నర నెలలుగా రోజుకు ఆరుసార్లు నేను ఊపిరి బిగబట్టి మెల్లగా వదులుతూ, నాడి ఎందుకు దూరం జరుగుతోందని భయపడుతున్నాను. డాక్టరుగారి ముందూ అదే చేసి ఉంటాను. ఆయన పెదవుల కదలికను రీడింగు తీసినట్టే చూశాను కదా.

ఆ సాయంత్రం లస్కరును గడియారం చూడమని, నేను కళ్ళు మూసుకొని మామూలుగా గాలి పీలుస్తూ లెక్కపెట్టాను. దెబ్బలు కాస్త దగ్గరవుతూ, కాస్త దూరమవుతూ, ఊపిరితో పాటు ఊగుతున్నాయి. దూరంగా జరిగి పడిన దెబ్బ ఒక్కటీ లేదు. తర్వాత బిగబట్టి వదిలాను, అది వచ్చింది. తర్వాత రెండు రాళ్ళ దూరం పరుగెత్తి వచ్చి చూశాను, ఊగడం కూడా పోయి సమంగా ఉంది. పన్నెండు రోజులూ ఇలా మూడు విధాలుగా తీసి పట్టిక వేశాను. పక్కనే కుక్కకూ, సాయిబు ఎద్దుకూ గడులు పెట్టాను. ఉత్తరంలో రాసిన ఒక్క వాక్యాన్ని కొట్టేశాను.

గడువు రోజు పొద్దున్నే లస్కరు బండి తోలగా కర్నూలు చేరాను. కుక్క బండి వెనకే వచ్చింది. డాక్టరుగారు నన్ను గుర్తుపట్టలేదు, కాగితం చూసి గుర్తుపట్టారు. మణికట్టు పట్టుకొని గడియారం మూత తీశారు. అంతే, నా ఛాతీ నిండిపోయింది.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. నేను ఊపిరి బిగబట్టాను. మళ్ళీ మొదలుపెట్టండి."

ఆయన తలెత్తి చూశారు. నేను కళ్ళు మూసుకున్నాను. నిమిషం తర్వాత కళ్ళు తెరిస్తే ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు. పుస్తకం తీసి పట్టిక ఉన్న పేజీ ముందు పెట్టాను. చదవరేమో అనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివారు.

"ఈ మొదటి మూడు గడులూ నీవి. నాలుగోది ఎవరిది?"

"కుక్కదండి."

"దాని ఉద్యోగం కూడా ఖాయం చెయ్యాలా?"

"అది మా లస్కరు కుక్కండి. పడుకున్నప్పుడు దాని గుండె కూడా నా గుండె లాగే కొట్టుకుంటుంది. పరుగెత్తాక సమంగా ఉంటుంది."

ఆయన పుస్తకం మూసి, లేచి తలుపు దగ్గరికి వెళ్ళారు. "వరండా మెట్లు పదిసార్లు ఎక్కి దిగు. నడవకు, పరుగెత్తు."

వరండాలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకొని దారి ఇచ్చారు. ఎవరో ముసలాయన, "ఏమప్పా, డాక్టరు తరుముతాండాడా?" అన్నాడు. పది సార్లు ఎక్కి దిగి వచ్చి నిలబడ్డాను. ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నారు. తీయలేదు. గుండె దిగుతున్నంతసేపూ, సాయిబు ఎద్దు డొక్క ముందు నిలబడినట్టే, నా ముందు నిలబడి విన్నారు.

"సమంగా ఉంది. రెండు నిమిషాలు కాకముందే దిగింది," అన్నారు. "ఊపిరి వెంట నాడి ఊగడం ఆరోగ్యవంతులకు ఉండేదే. మాకు పుస్తకంలో ఉంటుంది. నువ్వు కుక్క దగ్గర నేర్చుకున్నావు. ఆ రోజు వరండా చూశావు కదా, ఇంత తీరిగ్గా వినలేకపోయాను."

కాగితం మీద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదుతూ, "రోజుకు ఎన్ని మైళ్ళన్నావు?" అని అడిగారు.

"అప్పుడు ఎనిమిదండి. ఇప్పుడు పన్నెండు."

బయట చెట్టు కింద లస్కరు బండి కట్టి సిద్ధంగా ఉన్నాడు.

"ఎక్కండి సారూ."

"నువ్వెక్కి తోలు. నేనూ కుక్కా నడిచి వస్తాం."

"పదకొండు మైళ్ళుండాది."

"తెలుసు. రాళ్ళు నేను లెక్కపెట్టినవే."

కాలువ నిండుగా పారుతోంది. ఎండ ఉన్నా గట్టు మీద గాలి చల్లగా వచ్చింది. ఒక్క రాయి దగ్గర కూడా నాడి చూసుకోలేదు. బండి కాసేపు మా ముందు, కాసేపు మా వెనక నడిచింది. చివరి రెండు మైళ్ళలో మేమే ముందున్నాం. ఊరి మొదట్లో జేజి బిందెతో ఎదురై, "చెయ్యి వదిలేసినావా నాయనా?" అంది. రెండు చేతులూ పైకెత్తి చూపించాను.

సాయిబు కొట్టం ముందు తన జతకు గడ్డి వేస్తున్నాడు. నేను జేబులోంచి కాగితం తీసి చాపాను. ఆయన దాన్ని తీసుకోలేదు. గడ్డి మోపు కింద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, నా పక్కటెముకల వంక చూస్తూ నిలబడ్డాడు. నేను కదలకుండా నిలబడ్డాను. బండి వచ్చి ఆగింది. లస్కరు దిగాడు.

"దిగింది," అన్నాడు సాయిబు. అప్పుడు కాగితం కోసం చెయ్యి చాపాడు.